వల నిండితే కూలబడిపోయే కుర్రాడు: ఒక నిద్ర జబ్బు కేసు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద కలాసీగా పనిచేసే ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడి కేసు ఇది. పేరు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాయడానికి అతనూ, అతని తల్లీ ఒప్పుకున్నారు. నేను న్యూరాలజిస్టును, నిద్ర సమస్యలతో వచ్చేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. అయినా ఈ కుర్రాడి జబ్బేమిటో తెలుసుకోవడానికి నాకు రెండు నెలలకు పైగా పట్టింది. మొదటి రోజే అడగాల్సిన ఒక ప్రశ్న నేను అడగలేదు. ఆ ప్రశ్న నవ్వు గురించి.

మొదటి రోజు

ఫిబ్రవరిలో తల్లి, మేనమామ కలిసి అతన్ని తీసుకొచ్చారు. బయట బెంచీ మీద కూర్చున్న పది నిమిషాల్లోనే నిద్రలోకి జారిపోయాడు. నర్సు రెండుసార్లు పిలిచినా లేవలేదు. తల్లే భుజం పట్టి కుదిపి లోపలికి నడిపించుకొచ్చింది.

"ఏటి బాబూ ఈడి నిద్ర? కూడు తింటా తింటానే పడుకొనీస్తాడు. సెయ్యి కంచంలోనే ఉంటాది" అంది. ఆవిడ హార్బర్‌లో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముతుంది. తెల్లవారుజామున మూడింటికి లేచే మనిషి. కన్నకొడుకు పట్టపగలు ఇలా పడి నిద్రపోతుంటే ఆవిడకు అది జబ్బులా కంటే ముందు తలవంపుగా తోచింది.

పద్దెనిమిదో ఏట మొదలైందట. అంతకుముందు చురుకైనవాడే. చిన్నప్పుడు తండ్రితో తెప్ప మీద వేటకు వెళ్లేవాడు. తండ్రి పోయాక బోటెక్కాడు. నిద్ర మొదలయ్యాక ఒక బోటు యజమాని పని మాన్పించాడు, ఇంకో బోటులో "మొద్దు నిద్రగాడు" అని పేరు పెట్టారు. ఏడాది కిందట డెక్కు మీద పడిపోవడం మొదలైంది. ఎక్కడో చూపిస్తే ఫిట్స్ అన్నారు. వాల్‌ప్రొయేట్ మాత్ర 500 మిల్లీగ్రాములది రోజుకు రెండు చొప్పున ఎనిమిది నెలలుగా వాడుతున్నాడు. అయినా పడిపోవడం ఆగలేదు. నిద్ర ఇంకా ఎక్కువైంది. మూడేళ్లలో తొమ్మిది కిలోల బరువు పెరిగాడు. వెంట తెచ్చిన ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఎంఆర్ఐ స్కాను రెండూ మామూలుగానే ఉన్నాయి.

పరీక్షించి చూస్తే నరాల్లో ఏ లోపమూ కనిపించలేదు. అప్పుడు బోటు మీద ఎప్పుడు పడుకుంటావు, ఎప్పుడు లేస్తావు అని అడిగాను. వేటకు వెళితే పది పన్నెండు రోజులు సముద్రంలోనే ఉంటారు. వల వేసి ఈడ్చుకుంటూ వెళ్లి, దాదాపు మూడు గంటలకోసారి పైకి లాగుతారు. రాత్రైనా పగలైనా అదే వరస. లాగిన చేపలు ఏరి, ఐసులో వేసి, మళ్లీ వల వదిలాక మిగిలిన గంటన్నర, రెండు గంటలే నిద్ర. ఇంజను పక్కన, డీజిల్ వాసనలో. ఇది విన్నాక నాకు అంతా తెలిసిపోయినట్టే అనిపించింది. నిద్ర అరువు పేరుకుపోయింది, దానికి తోడు వాల్‌ప్రొయేట్ మత్తు. రాత్రంతా మేలుకుని తీయించుకునే ఈఈజీ ఒకటి రాసి, అది చూశాక మాత్ర సంగతి ఆలోచిద్దామని పంపించేశాను.

ఆ రోజు కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. "పడిపోయినప్పుడు స్పృహ" అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. తల్లి ఎప్పుడూ దగ్గర లేదు, మేనమామ చూడలేదు. కుర్రాణ్ని అడిగితే సరిపోయేది. అతను నిద్రమొహంతో కూర్చున్నాడు కాబట్టి పెద్దవాళ్లతోనే మాట్లాడాను. పేషెంటు ఎదురుగా ఉండగా అతన్ని పక్కన పెట్టి అతని గురించి ఇంకొకరిని అడగడం మాకు సులువుగా పట్టే అలవాటు. దాని ఖరీదు ఈ కేసులో రెండు నెలలు.

గోడకు జారిన మనిషి

మళ్లీ వచ్చింది ఏప్రిల్ నాలుగో వారంలో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ 61 రోజులూ బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఈసారి కుర్రాడు, తల్లితో పాటు అతని బావ వచ్చాడు, ఒకే బోటులో పనిచేస్తారు. ఆ బావ రావడం మా అదృష్టం.

బరువు చూసే మిషను మీద కుర్రాడు నిలబడ్డాడు. పెళ్లికొడుకు బరువెక్కువైతే పిల్ల తరఫువాళ్లు కట్నం పెంచాలనో ఏదో బావ వేళాకోళమాడాడు. కుర్రాడి మొహంలో నవ్వు మొదలైంది. మొదలైన నవ్వు పూర్తి కాలేదు. ముందు కనురెప్పలు వాలాయి, దవడ వేలాడింది, తల ముందుకు ఒకటి రెండుసార్లు ఊగింది. ఆ తర్వాత మోకాళ్లు మడతపడ్డాయి. మిషను మీద నుంచి గోడకు ఆనుకుని, గోనెసంచి జారినట్టు మెల్లగా నేల మీదికి జారిపోయాడు. కొట్టుకోవడం లేదు, నురగ లేదు, ఒళ్లు బిగుసుకోలేదు. అంతా మెత్తగా వదులైపోయింది.

నేను పక్కన కూర్చుని కనుపాపల మీద టార్చి వేశాను. వెలుగుకు మామూలుగానే ముడుచుకున్నాయి. సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టాను. కాలు కదల్లేదు. ఇంకోసారి కొట్టినా లేదు. తల్లి నీళ్ల సీసా తీస్తుంటే "నీళ్లు పట్టకమ్మా, పొరబోతుంది" అన్నాను. నలభై సెకన్లు గడిచాయేమో, అతను చెయ్యి నేలకు ఆనించి లేచి కూర్చున్నాడు.

"మీరు నీళ్లు పట్టొద్దన్నారు సార్. కాలి మీద రెండు దెబ్బలు కొట్టారు" అన్నాడు. అంతా విన్నాడు. లోపల పూర్తి మెలకువలో ఉన్నాడు. మళ్లీ మోకాలు కొట్టి చూస్తే కాలు చక్కగా ఎగిరింది.

ఫిట్స్‌లో స్పృహ తప్పి పడినవాడు ఇలా అప్పజెప్పలేడు. స్పృహ ఉండగానే, నవ్వుతోనో సంతోషంతోనో కండరాల పట్టు జారిపోవడాన్ని కాటాప్లెక్సీ అంటారు. అది ఉందంటే, పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బులో మొదటి రకం తప్ప ఇంకో జబ్బు ఆలోచించాల్సిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. వైద్య పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివిన సంగతే. ఇలా నా కళ్ల ముందు, నా సుత్తి కింద జరగడం మాత్రం అదే మొదటిసారి.

"నవ్వినప్పుడేనా?" అని అప్పుడు అడిగాను.

"నవ్వితే అవుతాది సార్. వల నిండుగా వొచ్చినప్పుడు కూడా. కాళీగా వొచ్చిందనుకోండి, ఏటీ అవదు."

బావ అందుకున్నాడు. చందువాలో రొయ్యలో బాగా పడ్డ రోజున, వల పైకొస్తుంటే అందరూ అరుస్తారు కదా, అప్పుడే వీడి చేతుల్లోంచి తాడు జారుతుందట. కలాసీలకు జీతం కంటే వాటా ముఖ్యం. నిండిన వల అంటే ఇంటికి డబ్బు. సంతోషం పట్టలేని ఆ క్షణంలో, బోటు అంచున, తడి డెక్కు మీద ఈ కుర్రాడి కాళ్లు సచ్చుబడిపోతున్నాయి. సముద్రంలోకి పడకపోవడం కేవలం పక్కవాళ్ల కాపలా వల్లే. రెండుసార్లు బావ చొక్కా పట్టి వెనక్కి లాగాడు.

ఇంకొన్ని సంగతులు ఆ రోజే బయటికొచ్చాయి. పడుకోబోయే ముందు తడి కాళ్లతో ఎవరో బోటెక్కుతున్న చప్పుడు వినిపిస్తుందట, ఒక్కోసారి మనిషి కూడా కనిపిస్తాడట. తెల్లవారుజామున మెలకువ వస్తుంది గాని ఒళ్లు కదలదు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. అది గాలి అనుకుని తల్లి తాయెత్తు కట్టించింది. నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇది: ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే చెల్లెలుంది. "అన్నను నవ్వించొద్దు" అని ఆ పిల్లకు చెప్పేశారు. ఏడాదిగా ఆ ఇంట్లో అతని ముందు ఎవరూ నవ్వే మాట మాట్లాడటం లేదు.

అరువు, గడియారం, గొళ్లెం

నిద్ర ముంచుకొస్తోందంటే మెదడులో మూడు వేరు వేరు చోట్ల కారణం ఉండొచ్చు. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. నేను పొరబడింది అక్కడే.

మొదటిది అరువు. మేలుకున్నంతసేపూ మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తుంటాయి. ఆ ఖర్చులోంచి అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ఒత్తిడి పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. టీ, కాఫీల్లోని కెఫీన్ ఈ అడినోసిన్ అతుక్కునే చోట తాను కూర్చుంటుంది. అరువు తీరదు, అప్పులవాడు గుమ్మం దగ్గర ఆగుతాడు, అంతే. రెండోది గడియారం. కంటి నరాలు రెండూ ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, మెదడు అడుగు భాగమైన హైపోథలమస్‌లో ఇరవై వేల కణాల చిన్న ముద్ద ఒకటి ఉంటుంది. కంటిలోంచి వచ్చే వెలుగును బట్టి అది రోజును దిద్దుకుంటుంది, ఎప్పుడు మేలుకోవాలో ఎప్పుడు పడుకోవాలో ఒళ్లంతటికీ చెబుతుంది. ఈ రెండిటినీ కలిపి నిద్రను వివరించే పద్ధతిని స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బోర్బేలీ 1982లో ప్రతిపాదించారు. నైట్ డ్యూటీల వాళ్లు, బోటు మీద వాళ్లు పడే బాధ చాలావరకు ఈ రెండిట్లోనే ఉంటుంది. ఫిబ్రవరిలో నేనూ అక్కడే ఆగిపోయాను.

మూడోది మెలకువనీ నిద్రనీ మార్చే స్విచ్చి. దీని జాడ మొదట పట్టుకున్నవాడు వియన్నాకు చెందిన కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనోమో. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వింత మెదడువాపు ఒకటి వచ్చింది. కొందరు రోగులు వారాల తరబడి నిద్రపోయారు, కొందరికి అసలు నిద్రే పట్టలేదు. 1917లో ఆయన ఆ జబ్బు గురించి రాశారు. చనిపోయినవాళ్ల మెదళ్లు కోసి చూస్తే, ఎక్కువ నిద్రపోయినవాళ్లలో హైపోథలమస్ వెనుక భాగం, నిద్రపట్టనివాళ్లలో ముందు భాగం చెడిపోయి ఉన్నాయి. నిద్ర అంటే మెదడు అలిసి ఆగిపోవడం కాదని, దాన్ని నడిపే చోటు ఒకటుంటే మెలకువను నడిపే చోటు ఇంకొకటి ఉందని అలా తేలింది. స్కానింగులు లేని రోజుల్లో, ఓపిగ్గా మెదడు ముక్కలు చూసి ఆ మాట చెప్పగలిగాడు ఆ మనిషి. తలుచుకున్నప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది.

తర్వాతి పరిశోధనలు ఆ చోట్లకు పేర్లు పెట్టాయి. మెదడు కాండంలోనూ, హైపోథలమస్ వెనుక భాగంలోనూ మేల్కొలిపే కణాల గుంపులున్నాయి. ఒకటి నోరెపినెఫ్రిన్, ఒకటి సెరొటోనిన్, ఒకటి హిస్టమిన్ విడుదల చేస్తుంది. దురదకో జలుబుకో అలర్జీ మాత్ర వేసుకుంటే మగతగా ఉండేది ఈ హిస్టమిన్‌ను అది అడ్డుకోవడం వల్లే. హైపోథలమస్ ముందు భాగంలో నిద్రపుచ్చే కణాల గుంపు ఉంది. ఈ రెండు పక్షాలూ ఒకదాన్నొకటి అణిచిపెడతాయి. మేల్కొలిపేవి గెలిచినప్పుడు నిద్ర కణాలు నోరు మూసుకుంటాయి, నిద్ర కణాలు గెలిస్తే మేల్కొలిపేవి. అందుకే మనం సగం నిద్ర సగం మెలకువలో ఎక్కువసేపు ఉండలేం. ఇటో అటో పడిపోతాం.

అయితే ఇలాంటి స్విచ్చి కాస్త తాకిడికే పక్క మారిపోయే ప్రమాదం ఉంది. దాన్ని మెలకువ వైపు గట్టిగా పట్టి ఉంచేది ఒరెక్సిన్ అనే పదార్థం. 1998లో రెండు బృందాలు వేరువేరుగా దీన్ని కనుక్కున్నాయి. ఒకరు హైపోక్రెటిన్ అన్నారు, ఇంకొకరు ఒరెక్సిన్ అన్నారు. ఇప్పటికీ రెండు పేర్లూ నడుస్తున్నాయి. మనిషి మెదడంతటిలో దీన్ని తయారుచేసే కణాలు సుమారు డెబ్బై వేలే, అన్నీ హైపోథలమస్‌లోనే. నార్కోలెప్సీ మొదటి రకంలో వాటిలో ఎక్కువ భాగం నశించిపోతాయి. 2000లో ఈ జబ్బుతో చనిపోయినవాళ్ల మెదళ్లు చూసినప్పుడు 85 నుంచి 95 శాతం కణాలు కనిపించలేదు. ఒంటి రక్షణ వ్యవస్థే పొరబడి సొంత కణాల మీద దాడి చేస్తుందన్నదానికి బలమైన ఆధారాలున్నాయి. కుర్రాడి బరువు పెరగడానికి కూడా మూలం అక్కడే. ఒరెక్సిన్‌కు ఆకలితో, ఒంటి శక్తి ఖర్చుతో సంబంధం ఉంది.

తల్లికి ఇదంతా ఎలా చెప్పాలి? వాళ్లిల్లు సముద్రపు ఒడ్డున, గాలికి తలుపులు టపటపా కొట్టుకునే చోట. అదే పట్టుకున్నాను. "అమ్మా, తలుపుకి గొళ్లెం పెడితే గాలికి కదలదు కదా. మీవాడి బుర్రలో తలుపు బాగానే ఉంది, గొళ్లెం ఊడిపోయింది. పగలు చిన్న గాలికే మూసుకుపోతుంది. రాత్రి చిన్న గాలికే తెరుచుకుంటుంది" అన్నాను. ఆవిడ వెంటనే "అందుకే రాత్రి కూడా సరిగ్గా పడుకోడు బాబూ, పదిసార్లు లేస్తాడు" అంది. నేను అడగకముందే ఆ లక్షణం ఆవిడే చెప్పింది. ఈ జబ్బున్నవాళ్లు రోజు మొత్తం మీద మిగతావాళ్ల కంటే పెద్దగా ఎక్కువ నిద్రపోరు. ఆ నిద్ర ముక్కలుముక్కలుగా, వద్దన్న చోటల్లా వస్తుంది. నిద్రపోతు అన్న పేరు ఎంత అన్యాయమో ఇక్కడే తెలుస్తుంది.

మరి నవ్వితే పడిపోవడం? కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో మెదడు మన కండరాలకు తాళం వేస్తుంది, కలలో పరిగెత్తినా మంచం మీద పరిగెత్తకుండా. ఆ తాళం చెవి మెదడు కాండంలో ఉంటుంది. గట్టి సంతోషం కలిగినప్పుడు భావోద్వేగాల కేంద్రమైన అమిగ్డలా నుంచి ఆ తాళం వైపు సంకేతం వెళుతుంది. మనందరిలోనూ వెళుతుంది, పగలబడి నవ్వినప్పుడు ఒళ్లు కాస్త వదులవడం అందరికీ అనుభవమే. మనలో ఒరెక్సిన్ దాన్ని అక్కడే ఆపుతుంది. ఇతనిలో ఆపేది లేదు. అందుకని మెలకువలోనే కండరాలకు తాళం పడుతుంది. సుత్తితో కొట్టినా కాలు లేవనిది అందుకే. తెల్లవారుజామున ఒళ్లు కదలకపోవడం, తడి కాళ్ల చప్పుడు కూడా రెమ్ నిద్ర ముక్కలే. మెలకువ గదిలోకి కల తోసుకొచ్చిందన్నమాట. తాయెత్తు తీసేయమని నేను చెప్పలేదు. అది ఉన్నా మాత్రలు పనిచేస్తాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ జబ్బున్న డోబర్‌మన్ కుక్కలను పెంచి పరిశోధించారు. ఇష్టమైన తిండి ముందు పెడితే సంతోషంతో ఉరికి వచ్చి, గిన్నె దగ్గరే కాళ్లు మడిచి కూలబడేవి. ఒరెక్సిన్ అతుక్కోవాల్సిన గ్రాహకం వాటిలో పుట్టుకతోనే చెడిపోయి ఉందని 1999లో తేలింది. తిండి గిన్నె ముందు కూలిన ఆ కుక్కలను చదివి ఉండి కూడా, నిండిన వల ముందు కూలిన మనిషిని నేను ఫిబ్రవరిలో ఊహించలేకపోయాను.

వేట నిషేధం చేసిన మేలు

కాటాప్లెక్సీ కళ్లారా చూసినా నిద్ర పరీక్ష చేసి తీరాలి. జీవితాంతం మందులు రాయబోతున్నాం, బతుకుతెరువు మార్చుకోమని చెప్పబోతున్నాం. ఈ పరీక్షకు ఒక షరతు ఉంది. కనీసం రెండు వారాలు ముందునుంచి మనిషి రోజూ సరిపడా, ఒకే వేళకు నిద్రపోయి ఉండాలి. లేకపోతే అరువు నిద్ర కూడా నార్కోలెప్సీలా కనిపించి మోసం చేస్తుంది. వేటకెళ్లే కలాసీకి ఆ షరతు ఎప్పుడు కుదురుతుంది? ఏడాదిలో ఆ రెండు నెలలే.

వాల్‌ప్రొయేట్‌ను మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించి మే మధ్యలో ఆపేశాం. నిద్ర లెక్క రాసే పని చెల్లెలు తీసుకుంది, బడికి వేసవి సెలవులు. ఆ పిల్ల తెచ్చిన నోటుబుక్కు చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పేజీకి ఒక రోజు. రాత్రి నిద్ర నీలి గీత, పగటి నిద్ర ఎర్ర గీత, పడిపోయిన చోట చిన్న చుక్క గుర్తు. కింద వరసగా కారణం: "బావ వచ్చాడు", "క్రికెట్‌లో గెలిచారు", "పిల్లి". సగటున రాత్రి తొమ్మిది నుంచి ఆరు వరకు మంచం మీదే ఉన్నాడు. నీలి గీత మాత్రం ఐదారు చోట్ల తెగింది. పగలు నాలుగైదు ఎర్ర గీతలు. బోటు లేదు, వల లేదు, నెలన్నరగా కావలసినంత విశ్రాంతి. అయినా ఎర్ర గీతలు తగ్గలేదు. అరువైతే ఈపాటికి తీరిపోవాలి. నా ఫిబ్రవరి నిర్ణయం తప్పని ఆ పిల్ల గీతలే తేల్చాయి.

జూన్ మొదటి వారంలో పరీక్ష చేశాం. రాత్రంతా తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు వైర్లు అతికించి నిద్రను రికార్డు చేశాం. గురక జబ్బు లేదు, నిద్రలో ఊపిరి ఆగడం లేదు. మామూలుగా రెమ్ నిద్ర రావడానికి గంటన్నర పడుతుంది. ఇతనికి తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. మర్నాడు రెండు గంటలకోసారి ఐదుసార్లు చీకటి గదిలో పడుకోబెట్టి, ఎంతసేపట్లో నిద్రపడుతుందో చూశాం. రెండున్నర నిమిషాలు, మూడు, ఒకటిన్నర, నాలుగు, రెండు. సగటు 2.6 నిమిషాలు. ఎనిమిది లేదా అంతకంటే తక్కువైతే జబ్బు కిందే లెక్క. ఐదింటిలో నాలుగుసార్లు నేరుగా రెమ్ నిద్రలోకే వెళ్లాడు. రెండుసార్లు వెళ్లినా చాలు. నాలుగో నిద్రలోంచి లేచి "ఇప్పుడే కలొచ్చింది సార్, వల తెగిపోయింది" అన్నాడు. మొత్తం పడుకున్నది పావుగంట.

వెన్ను నీటిలో ఒరెక్సిన్ కొలిచే పరీక్ష ఉంది, మిల్లీలీటరుకు 110 పికోగ్రాములు లేదా తక్కువైతే జబ్బు ఖాయం. ఇక్కడ దాని అవసరం పడలేదు. జన్యు పరీక్ష కూడా రాయలేదు. ఈ జబ్బుతో ముడిపడిన ఆ జన్యువు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా చాలామందికి ఉంటుంది. ఖర్చు తప్ప కొత్తగా తెలిసేది లేదు.

మందులు, ఒక పొరపాటు

పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు లేదు. ఊడిన గొళ్లెం బదులు తలుపుకు అడ్డంగా ఏదో ఒకటి పెట్టడమే మేం చేసేది. పగటి నిద్రకు మొడాఫినిల్, పొద్దున 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మధ్యాహ్నం ఇంకో 100 కలిపాం. మొదటి వారం తలనొప్పి వచ్చింది, తగ్గిపోయింది. పడిపోవడానికి వెన్లాఫాక్సిన్ 37.5తో మొదలుపెట్టి 75కు పెంచాం. దిగులుకు వాడే మందే, కాని ఇక్కడ దిగులుకు కాదు. రెమ్ నిద్రలో నోరెపినెఫ్రిన్, సెరొటోనిన్ కణాలు మౌనంగా ఉంటాయి. వాటి బలం పెంచితే కండరాలకు తాళం పడదు. ఇదే గొళ్లేన్ని కావాలని తీసే మందు కూడా ఉందని చెప్పాలి. 2014లో అమెరికాలో అనుమతి పొందిన సువోరెక్సాంట్ ఒరెక్సిన్‌ను అడ్డుకుని, నిద్రపట్టనివాళ్లకు నిద్ర పట్టిస్తుంది.

మాత్రలతో సమానంగా పనిచేసేవి వేళ పెట్టుకుని తీసే కునుకులు. పొద్దున తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం రెండింటికి ఇరవై నిమిషాల చొప్పున రెండు. ఆ కునుకు తర్వాత రెండు మూడు గంటలు అతను పూర్తి మనిషి.

జులైకల్లా రోజుకు ఆరేడు సార్లు పడిపోయేవాడు వారానికి ఒకసారికి వచ్చాడు. ఆగస్టులో ఒక రాత్రి బావ ఫోన్ చేశాడు. "సార్, పొద్దుట్నుంచి ఇరవైసార్లు పడిపోయినాడు. లేస్తాడు, మళ్లీ పడతాడు." తగ్గిపోయిందని మాత్రలన్నీ నాలుగు రోజులుగా మానేశాడట. వెన్లాఫాక్సిన్ ఒక్కసారిగా ఆపితే కాటాప్లెక్సీ ముందుకంటే ఉద్ధృతంగా తిరగబడుతుంది, గంటల తరబడి వరసగా వస్తుంది. నాకు తెలుసు. మాత్ర చీటీ మీద ఆ మాట రాయలేదు, తల్లికి నోటితో కూడా గట్టిగా చెప్పలేదు. తప్పు నాదే. మందు తిరిగి మొదలుపెట్టాక కుదుటపడటానికి వారం పట్టింది. ఇప్పుడు ఈ మందు రాసే ప్రతివాళ్లకీ, తగ్గినా మానొద్దని తెలుగులో, పెద్దక్షరాలతో రాసిస్తున్నాను.

సముద్రం

జూన్ 15న బోట్లు కదిలాయి. అతను ఎక్కలేదు. నేను ఎక్కొద్దన్నాను. ఇంతకాలంలో ఏ పేషెంటుకు చెప్పిన మాటా నాకింత బరువుగా అనిపించలేదు. మాత్రలు ఎంత పనిచేసినా, నడి సముద్రంలో, రాత్రి, తడి డెక్కు మీద, వల నిండిన సంతోషంలో ఒక్కసారి జారితే చాలు. బైకు నడపొద్దని, ఒంటరిగా సముద్రంలో దిగొద్దని కూడా చెప్పాను. తల్లి ఏడ్చింది. "ఆడికి అదే కదా బాబూ వొచ్చిన పని" అంది.

ఒడ్డు మీద పని వెతకడంలో మేనమామ తిరిగాడు. వలలు బాగుచేసే పని మొదట అనుకున్నారు. కూర్చుని చేసే పని కావడంతో గంటలో నిద్రపోయాడు. ఐసు మర దగ్గర అన్నారు. దిమ్మెలు పిండి చేసే ఆ పళ్లచక్రాల పక్కన ఇతన్ని నిలబెట్టొద్దని నేనే పట్టుబట్టాను. చివరికి దిగిన చేపలను రకాలవారీగా ఏరి, తూకం వేసి, వేలానికి సర్దే పని దొరికింది. నిలబడి, నడుస్తూ, అరుస్తూ చేసేది. వాటా పోయింది, రోజుకూలి మిగిలింది. సంపాదన తగ్గింది, దాన్ని నేను తగ్గించి చెప్పను.

పోయిన నెల చూపించుకోవడానికి ఒక్కడే వచ్చాడు. నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నలు ఎనిమిది, మొత్తం 24 మార్కులు, పది దాటితే ఎక్కువ. ఏప్రిల్‌లో 20 వచ్చినవాడికి ఇప్పుడు 11. తొమ్మిదిన్నరకు వలల కుప్ప మీద పడుకుంటాడట. తూకం దగ్గర ఉండే పెద్దాయన ఇరవై నిమిషాలు చూసి లేపుతాడు. మొద్దు నిద్రగాడు అన్నవాళ్లే ఆ వేళకు "ఒరే, నీ డ్యూటీ టైం అయింది, పడుకో" అని గుర్తుచేస్తున్నారట.

నవ్వు సంగతి అడిగాను. చెల్లెలు ఇప్పుడు అడ్డు లేకుండా జోకులు చెబుతోందట.

"మరి పడిపోవట్లేదా?"

"నెలకి ఒకటో రెండో సార్. వొచ్చేలా ఉందంటే ముందు కూకుంటాను. అప్పుడు నవ్వుతాను."

వెన్లాఫాక్సిన్ 75 దగ్గరే ఉంచాను. మొడాఫినిల్ మధ్యాహ్నం మాత్రను కునుకుకు ముందు కాకుండా లేచాక వేసుకోమన్నాను. మళ్లీ మూడు నెలలకు రమ్మని రాశాను.